చావడం చేతకాలేదు

ఏళ్ల తరబడి రేడియోలో వార్తలు చదివాను. స్టేషన్ మూతపడ్డాక, ఇంట్లో ఉప్పు తక్కువైందన్న సంగతి కూడా వార్తలాగే చెబుతున్నానని మా ఆవిడ విసుక్కునేది. అందుకే వీడియో గేములు తయారుచేసే కంపెనీవాళ్లు గొంతు కావాలని ప్రకటన ఇవ్వగానే, హీరో గొంతు నాదేనని తీర్మానించుకున్నాను. ఇంకో పాత్ర ఉండవచ్చన్న అనుమానమైనా రాలేదు.

టై కట్టుకుని వెళ్లాను. అక్కడ అందరూ నిక్కర్లలో ఉన్నారు. నన్ను చూసి ఒకతను గబుక్కున లేచి నిలబడ్డాడు, ఆడిటర్ననుకున్నాడట. కూర్చోమని చూపించింది కుర్చీ కాదు, మెత్తటి పెద్ద సంచీ. అందులో నడుందాకా కూరుకుపోయి, నా మోకాళ్ల సందులోంచి ఇంటర్వ్యూ చేసేవాళ్లను చూశాను. మా అమ్మాయి వయసున్న ఒకామె, ఆమె పక్కన గడ్డం సరిగా రాని ఒకతను.

"ఏ గేములు ఆడతారు సార్?" అందామె.

"అన్నీ."

"అన్నీ అంటే?"

"చదరంగం" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"హీరో గొంతు అయిపోయింది సార్. యుద్ధంలో పోయే సైనికుల అరుపులు కావాలి. ఒకసారి చచ్చిపోండి" అన్నాడు గడ్డం అతను.

మైకు నోటి దగ్గరికి రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గుండెమీద చెయ్యి వేసుకుని, "మాతృభూమీ... ఇక సెలవు..." అని మొదలుపెట్టాను.

"అంత టైముండదు సార్. బాణం తగలగానే పోవాలి."

పోయాను.

"కాలికి రాయి తగిలినట్టుంది సార్."

మళ్లీ పోయాను. ఆమె మొహమాటపడుతూ, "గొంతు చాలా బాగుందండీ. కానీ మీరు చచ్చిపోతుంటే, ఎవరో చచ్చిపోయారని వార్త చదువుతున్నట్టుంది" అంది.

మైకు కట్టేశారు. సంచీలోంచి లేవబోతే నడుం కలుక్కుమంది. "అమ్మో!" అని గావుకేక పెట్టాను.

"అదే సార్! మళ్లీ ఒకసారి!" అంటూ ఇద్దరూ మైకు మీదికి దూకారు.

మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. నొప్పి లేదు. అవసరానికి నడుం కూడా పట్టలేదు.

"ఫోన్ చేస్తాం సార్" అన్నారు. ఆ మాటకు అర్థం తెలియనంత చిన్నవాణ్ణి కాను.

"ఏమన్నారండీ?" తలుపు తీస్తూనే మా ఆవిడ అడిగింది.

"నాకు చావడం రాదన్నారు."

"నాకదే పదివేలు. దానికి మొహం వేలాడేసుకోవడమెందుకు?" అని పడీ పడీ నవ్వింది. "ఏదీ, ఎలా చచ్చారో చూపించండి."

కాసేపు బెట్టు చేశాను. ఎంతైనా, అడిగిన శ్రోత ఆవిడ ఒక్కతే. హాలు మధ్యలో నిలబడి బాణానికీ కత్తికీ బాంబుకీ వరసగా చచ్చాను. ఎవరో తలుపు బాదారు. చూస్తే పక్కింటావిడ, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"ఏం లేదు వదినా" అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "మా ఆయన ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నారు."