మంచం కింద పిలక

అల్మాస్‌గూడలో ఎస్తేరుకు తెల్లవారడమంటే పిలకలు పీకడమే. స్టవ్ మీద టీ నీళ్లు పెట్టి, చిన్న గునపం పట్టుకుని, పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ వంగేది. కోస్తే లాభం లేదు, ఒకటి పోయిన చోట రెండు లేస్తాయి. మట్టి తవ్వి, వేరును పట్టుకున్న చోటు దాకా వెళ్లి మొదలంటా ఊడబెరకాలి. ఉప్పు పొయ్యమన్నవాళ్లున్నారు, యాసిడ్ పొయ్యమన్నవాళ్లున్నారు. పోస్తే తల్లిచెట్టే పోతుంది. అది ఆమె భర్త ఎబినేజర్ ఇల్లు కట్టిన ఏడాది నాటిన చెట్టు.

మొదట్లో ఇంత బాధ లేదు. డ్రైనేజీ పైపుల కోసం గల్లీ తవ్వినప్పుడు వేళ్లు తెగాయి. తెగిన ప్రతిచోటా చెట్టు పిలకలు పెట్టడం మొదలుపెట్టింది. గోడ దాటి, టైల్స్ సందుల్లోంచి, పక్కిళ్ల బాత్రూముల్లోంచి లేచేవి. పైగా మాట్లాడే పిలకలు. రెండో ఆకు విచ్చుకోగానే, తన వేరు ఉన్న చోట ఎప్పుడో ఎవరో అన్న మాట ఒకటి, ఆ మనిషి గొంతుతోనే అనేసేది. ఒక్కసారే. ఆ తర్వాత మామూలు కరివేపాకు మొక్క. చుట్టాలొస్తున్నారంటే గల్లీలోవాళ్లు ఇల్లు ఊడ్చుకున్నట్టే పిలకలూ చూసుకునేవాళ్లు.

పక్కింటి కోటేశ్వరమ్మ ఒకసారి చూసుకోలేదు. తెనాలి నుంచి వచ్చిన ఆడపడుచు సోఫాలో కూర్చుని కాఫీ తాగుతుంటే, సోఫా పక్కన పిలక "ఈవిడ ఎప్పుడు కదులుతుందో ఏమో" అని కోటేశ్వరమ్మ గొంతుతో అంది. ఆడపడుచు ఆ సాయంత్రమే బస్సెక్కింది. అప్పట్నుంచి కోటేశ్వరమ్మ ఏ మూల పచ్చగా కనిపించినా గోడ మీంచి కేకేసేది. ఎస్తేరు గునపం పట్టుకుని వెళ్లేది. చెట్టు తమదైనప్పుడు పిలకలు మాత్రం తమవి కాకుండా పోతాయా.

ఎబినేజర్ టైల్స్ మేస్త్రి. రెండేళ్ల కిందట పనిలోనే పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. కొన్ని నెలలు ఎస్తేరు అతన్ని ఎల్బీనగర్‌లో మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తిప్పింది. ఆ డాక్టరమ్మ ముందు అతను పెదవి కదపలేదు. పరాయి మనిషి ముందు పసిపిల్లాడిలా నోరు తెరవడం సిగ్గనిపించిందో ఏమో, తల వంచుకుని కూర్చునేవాడు. చివరికి తిప్పడం మానేసింది.

పొద్దున అతనికి కడిగి, తినిపించి, పక్క మార్చి, ఎల్బీనగర్‌లో దవాఖానకు ఆయమ్మ డ్యూటీకి పోయేది. అక్కడా కడగడం, తినిపించడం, పక్క మార్చడమే. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముద్దలు మింగేది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో వినపడేది ఆమె గొంతొక్కటే. అందుకే అతని మంచం కింద లేచే పిలకలంటే ఆమెకు భయం. ఒకటి అట్లాగే "ఈ బతుకు నా వల్ల కాదు దేవుడా" అని ఆమె గొంతుతో అంది. అది విని అతను రెండు పూటలు తినలేదు. ఆనాటి నుంచి మంచం కింద మొలకెత్తినవాటిని ఆకు విచ్చేలోపే పీకి పారేసేది.

ఈ మధ్య ఎస్తేరును నడుము లేవనివ్వడం లేదు. బడంగ్‌పేట్ అవతల ఒక ఆశ్రమం ఉందని, మంచాన పడ్డవాళ్లను బాగానే చూసుకుంటారని పాస్టరుగారు చెప్పారు. ఎస్తేరు చాలా రోజులు ఊగిసలాడి, ఎబినేజర్‌తో చెప్పింది. అతను సరేనన్నట్టు తలూపాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

ఆశ్రమం వ్యాను వచ్చే రోజు పిలకలు పీకలేదు. అతని లుంగీలు, బైబిలు, మందులు సంచిలో సర్దుతుంటే కోటేశ్వరమ్మ చూసి పోదామని వచ్చింది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటూ కిందికి చూసింది.

"ఇక్కడొకటి లేచిందమ్మా. ఆకు విచ్చేస్తోంది. పీకెయ్యనా?"

"ఉండనియ్ ఆంటీ," అంది ఎస్తేరు. "గీ ఇంట్ల మాట్లాడేది నేనొక్కదాన్నే. నా మాటలే మల్ల నాకు చెప్తది. చెప్పనియ్."

పిలక రెండో ఆకు విప్పింది. కాసేపు గరగరమని, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు నానా తంటాలు పడింది.

"జ... జర... కూ... కూసో... ఎస్... తే..."

చొక్కా మడతపెడుతున్న ఎస్తేరు చేతులు ఆగిపోయాయి. ఎబినేజర్ మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

"ఇది మీ ఆయన గొంతే," అంది కోటేశ్వరమ్మ మెల్లగా.

ఎస్తేరుకు తెలుసు. ఆమె డ్యూటీకి పోయాక, తలుపు వేసి ఉన్న ఇంట్లో, ఎవరూ చూడకుండా అతను ఆ ఒక్క మాటతో కుస్తీ పడుతున్నాడన్నమాట. ఎన్నాళ్ల నుంచో. తను పీకి పారేసినవాటిలో ఎన్ని అతనివో. సంతోషం వెంటనే రాలేదు. దింపబోయిన బరువును ఎవరో మళ్లీ నెత్తికెత్తినట్టు అనిపించింది.

బయట వ్యాను హారన్ వినిపించింది.

కోటేశ్వరమ్మ లేచింది. "నేను చెప్పి వ్యాను పంపించేస్తాలే. మధ్యాహ్నాలు నేనొచ్చి ఇక్కడ కూర్చుంటాను. ఎల్బీనగర్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లడానికి మా ఆయనున్నారుగా, ఊరికే పేపరు చదువుకుంటూ కూర్చుంటారు," అంటూ గేటు వైపు నడిచింది.

ఎస్తేరు మంచం అంచున కూర్చుంది. అతని గడ్డం పట్టి మొహాన్ని తనవైపు తిప్పుకుంది.

"మల్ల అను," అంది. "నాకు అను."

అతను చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. తర్వాత పెదవులు వంకర తిప్పి మొదలుపెట్టాడు. నోటి చివర్నుంచి చొంగ కారింది. తుడవడానికి అలవాటుగా ఆమె చెయ్యి లేచింది. మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. అతను ఆ మాట అనడం పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుంది.