ఎడమ ముక్క

"రెండు ముక్కలు సేసి అమ్మితే కొనేసినావేటి?" అని మొగుడు ధర్మేంద్ర నవ్వినప్పటి నుంచీ శైలజకు ఒళ్లు మండుతూనే ఉంది. చేతికొకటి చొప్పున రెండు ముక్కలుగా ఉండే ఆ కీబోర్డు మీదే ఆమె ఉద్యోగం నిలబడాలి మరి. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేయడం ఆమె పని. చీపురుపల్లిలో, పడగ్గది మూల బల్ల మీద. చిటికెన వేళ్ల నుంచి మోచేతుల దాకా నొప్పి పాకింది. "నొప్పయితే మానీ. నిన్నెవులు సెయ్యమన్నారు?" అన్నాడు మొగుడు. అంట్లు తోమేటప్పుడూ అదే నొప్పి. అవి మానమని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.

ఇవాళ ఆదివారమైనా నాలుగింటికి షిఫ్టు. మళ్లీ వేగం పడిపోతే వేరే మనిషిని చూసుకుంటామని సూపర్‌వైజర్ సుహాసిని ముందే చెప్పేసింది. ఈ కీబోర్డులో ఏ మీట ఏం చేయాలో మనమే నిర్ణయించుకుని, ఆ అమరికను ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాముగా ఒక్కో ముక్కలోకీ విడిగా ఎక్కించాలి. చిటికెన వేళ్లను చంపుతున్న ఎంటర్‌నీ బ్యాక్‌స్పేస్‌నీ బొటనవేళ్ల కిందికి తెచ్చుకుంది. కుడి ముక్కకు ఎక్కింది. ఎడమదానికి ఎక్కుతుండగా, "ఒసే శైలజా, పప్పు మాడిపోతన్నాది!" అని అత్త తాయారు కేక. ఆవిడ కూర్చున్నది వంటింటి గుమ్మంలోనే. శైలజ పరుగెత్తి పొయ్యి ఆపి వచ్చేసరికి కీబోర్డుకు కేబుల్ లేదు. ధర్మేంద్ర ఫోనుకు ఉంది.

"ఫోను ఆరిపోతన్నాది. ఇది ఊరికే ఉన్నాది గదా అని తీసినాను."

ఊరికే! ఎక్కుతున్నది సగంలో తెగిపోయింది. ఎడమ ముక్క ఇక ఏ మీట నొక్కినా పలకదు. శైలజకు ఏడుపు ముంచుకొచ్చింది. తను కూర్చుని చేసే పని ఏదైనా వీళ్లకు ఊరికే ఉన్నట్టే కనబడుతుంది. పెళ్లయిన కొత్తలో టైపు పరీక్ష రోజున చుట్టాలొచ్చారని ఆపేస్తే, అప్పుడూ లేచి వంటింట్లోకి నడిచింది. పిలిస్తే లేవాలని తనలోకి ఎవరెక్కించారో, ఎప్పుడెక్కించారో కూడా తెలీదు.

ఫోను నుంచి కేబుల్ లాగేసి ఎడమ ముక్కకు పెట్టింది. పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి, ముక్క అడుగున కన్నంలో ఉన్న బుల్లి బటన్‌ను నొక్కిపట్టింది. కంప్యూటర్ దాన్ని మళ్లీ గుర్తుపట్టింది. మొదటి నుంచీ ఎక్కించడం మొదలుపెట్టింది.

"శైలూ, టీ ఎట్టు. అమ్మకి కూడా," హాల్లోంచి ధర్మేంద్ర.

కాళ్లు వాటంతటవే కదిలాయి. వాటిని కుర్చీ కింద మెలివేసుకుంది.

"టీపొడి ఎర్ర డబ్బాలో ఉన్నాది బావా," అంది తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "మీ అమ్మకి పంచదార ఎయ్యకు. సుగరొచ్చి మూడేళ్లయినాది."