పటంలో పారుతున్న వాగు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: గోడకు ఆనుకుని నాయనమ్మ, పొయ్యి దగ్గర అమ్మ, గడప మీద బాబాయి, ఉన్న ఒక్క కుర్చీలో నీటి ఆఫీసు సర్వేయరు, తలుపు చాటున పదిహేనేళ్ల పిల్ల. నాన్న కూడా ఉన్నట్టే లెక్క. ఎండిన బావిని మరో రెండు బారలు తవ్వుదామని దిగిన మనిషి మీద మట్టి విరిగిపడి పంతొమ్మిది రోజులైంది. అయినా మిట్టమధ్యాహ్నం చేలు సద్దుమణిగితే చాలు, బావిలోంచి గడ్డపార చప్పుడు వస్తూనే ఉండేది. ఇంట్లో అందరికీ వినబడేది. ఎవరూ ఎవరితోనూ అనేవాళ్లు కాదు.

పిల్ల ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే ఊరు ఆమెకు గుసగుస అని పేరు పెట్టింది. ట్రాక్టరు తోలే బాబాయి అందుకు పూర్తిగా తిరగేసి. ఆయన పిలిస్తే మూడు చేల అవతల ఎద్దులు తలెత్తేవి. ఆయన పేరు మైకు.

సర్వేయరు నేల మీద కొత్త పటం పరిచాడు. ఈ పంటకు కాలువ నీళ్లు ఎవరికి వదలాలో ఇక ఆ పటమే చెబుతుందట. ఆకాశం నుంచి నేల ఎత్తుపల్లాలు కొలిచారు. ఏ వాలు ఎటు ఒరిగిందో, ఏ పల్లంలోకి ఎంత నీరు దిగుతుందో కంప్యూటరు లెక్కగట్టింది. తడి నేల నీలం, పొడి నేల పసుపు. వీళ్ల పల్లమంతా ముదురు నీలం.

"మీ నేలలో తేమ నిండుగా ఉంది. ఈసారి మీకు వంతు లేదు," అన్నాడు సర్వేయరు.

"మట్టి ముట్టుకుని చూశావా నాయనా?" అంది నాయనమ్మ.

"ముట్టుకోనక్కర్లేదు పెద్దమ్మా. నీరు పల్లమెరుగు అని మీరే అంటారుగా."

"నిజం దేవుడెరుగు అని కూడా అంటాం. సగం సామెత పట్టుకొచ్చావు."

బాబాయి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "మొక్కజొన్న కండె పాలు పోసుకుంటోంది. వారంలోగా తడి అందకపోతే పైరు మేతకే. ఆ తర్వాత మేం కొండ మీది కాంట్రాక్టరు క్వారీలో రాళ్లు కొట్టుకోవాలి. అంతేనా?"

సర్వేయరు తల దించుకున్నాడు. "నేను పటం మోసేవాణ్ణక్కా. గీసేవాణ్ణి కాదు." పటాన్ని అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

బడిలో పటం చదవడం నేర్చుకున్న పిల్ల, అందరూ లేచాక కొండ మీద వేలు పెట్టింది. వాగు గీత వెంట కిందికి జరిపింది. వేలికి ఏదీ అడ్డం రాలేదు. నేరుగా పల్లంలోకి దిగింది.

మరి కట్ట ఏది? రెండేళ్ల కిందట క్వారీ లారీల కోసం కాంట్రాక్టరు కొండవాలుకు అడ్డంగా కట్ట పోయించాడు. వాగు ఆనాడే చచ్చింది. పటంలో మాత్రం ఇంకా పారుతోంది. ఆ పటం లెక్కన బావి ఊరుతూ ఉంది. నాన్న బావిలోకి దిగాల్సిన పనే పడలేదు. ఆ నీలి రంగులో ఎక్కడో ఆయన చేలో నిలబడి ఉన్నాడు. పిల్ల చటుక్కున వేలు తీసేసుకుంది.

ఆమె అమ్మ చెవిలో చెప్పింది. అమ్మ మైకుతో చెప్పింది. ఇంకేం, ఊరికి తెలిసిపోయింది.

సాయంత్రానికి ట్రాక్టరు షెడ్డు నిండిపోయింది.

"అర్జీ పెడదాం," అన్నాడు వడ్రంగి.

"పోయినేటి అర్జీకి చెదలు పట్టుంటాయి. వాటికైనా ఆఫీసులో తేమ దొరికింది!" అంది ఒక కూలి మనిషి.

"కట్ట తెంపుదాం!" కుర్రాళ్లు లేచారు.

"తెంపుదాంరా. వాన లేకుండా తెంపి ఏం తాగుతావ్, మట్టా? ముందు కాలువ తూము ఎత్తించాలి," అన్నాడు మైకు.

అప్పుడు నాయనమ్మ లేచింది. "తేమ వాళ్ల మాట. మన మాట పదును. పిడికిట్లో ముద్ద నిలిస్తే పదునున్నట్టు, రాలితే లేనట్టు. ప్రతి చేలోంచీ మోకాటిలోతు మట్టి తవ్వి మూట కట్టండి. వాళ్ల చేతే పట్టించి చూపిద్దాం."

మర్నాడు నలభై మూడు మూటలతో అరవై మంది నీటి ఆఫీసు మేడ మెట్లెక్కారు. నాయనమ్మ తన మూట కోసం బావిలోంచి పైకి తీసిన మట్టినే తెచ్చింది.

ఇంజనీరు మట్టి ముట్టుకోనన్నాడు. ముసలామె అతని చెయ్యి లాగి, మట్టి పోసి, వేళ్లు ముడిచి, పైన తన రెండు చేతులూ వేసి నొక్కింది. వదిలింది. ముద్ద నిలవలేదు. పొడిపొడిగా బల్ల మీద జలజలా రాలింది.

"ఇది నా కొడుకు మీద పడ్డ మట్టి సారూ."

గదిలో ఊపిరి కూడా వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో పిల్లకు గడ్డపార చప్పుడు వినిపించింది. టక్. టక్. అమ్మ వైపు చూసింది. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఇంజనీరు ఎందుకో కిటికీ వైపు చూశాడు.

"కట్ట లేదు," అంది పిల్ల.

"గట్టిగా చెప్పవే," అంది అమ్మ.

"మీ పటంలో కట్ట లేదు సార్! నీళ్లు మాదాకా రావు!"

ఇంజనీరు ముఖం తుడుచుకున్నాడు. "కొలతలు పాతవి. కట్టను పటంలోకి ఎక్కిస్తామని మేమూ పైకి రాశాం. ఎక్కిస్తే ఆ కట్టకు అనుమతి ఏదని అడుగుతారు. వద్దన్నారు."

"ఎవరు?"

అతను బల్ల మీది ఫోను వైపు చూశాడు.

"విన్నారా!" మైకు గొంతుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. "కట్ట ఉందని ఒప్పుకోవడం కంటే మనం చావడం తేలికట వీళ్లకి. తూము ఎత్తేదాకా ఇక్కణ్ణుంచి ఒక్కరూ కదలరు!"

గుమాస్తా ఎప్పుడు ఫోను చేశాడో, కింద పోలీసు వ్యాన్లు ఆగాయి. అమ్మ పటం చుట్టి పిల్ల చేతిలో పెట్టి, వెనక తలుపు దాకా నెట్టుకొచ్చింది.

"ఆ కట్ట కింద ఏడు పల్లాలున్నాయి. అన్నీ ఇదే నీలంలో ఉన్నాయి. ఎందుకో అక్కడి జనానికి తెలీదు. వెళ్లి చెప్పు."

"నేనా? బాబాయిని పంపమ్మా. నలుగురిలో నాకు నోరు పెగలదు."

"మీ బాబాయి గొంతు పోలీసులు ఎరుగుదురు. నీది ఎవరూ ఎరగరు."

"మరి నువ్వు?"

ముందు మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. లోపల అరవై మందీ ఒక్కసారిగా నేల మీద కూర్చున్నారు. అమ్మ మట్టి చేత్తో పిల్ల చెంప తడిమింది. గడప అవతలికి నెట్టింది.

పిల్ల ముఖం మీదే తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.