రేసు అయ్యేలోపే కప్పు

ఇబ్రహీంపట్నం శివారులోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థులే నడిపే సైకిల్ రేసు ఒకటి ఉండాలని ఉజ్వల చేరిన ఏడాది నుంచీ తిరగని గది లేదు. ఫైనలియర్‌లో మేనేజ్‌మెంట్ తలూపింది. ఒక్కటే షరతు, ముఖ్య అతిథిని మాత్రం వాళ్లే పిలుస్తారు. పిలుచుకోనీలే, తొక్కేది మేమే కదా అనుకుంది పిచ్చిపిల్ల.

రేసు రోజు ఊరు కూడా కదిలింది. పిల్లలకు అడ్డం పడతాయని ఊళ్లో పాడి చూసుకునే రుక్కమ్మ తన బర్రెలను విడవకుండా, రేసు సాగే చెరువు కట్ట మీదికి చూడటానికి వచ్చింది. మలుపు మలుపునా వాలంటీర్లు నిలబడ్డారు. రోజూ తుర్కయాంజాల్ నుంచి సైకిల్ మీదే కాలేజీకి వచ్చే సెకండియర్ ఐలేష్, ఆ పాత సైకిల్‌కే మడ్‌గార్డులు, క్యారియర్ ఊడబీకి తేలిక చేసుకుని వచ్చాడు.

"అక్కా, నేనొచ్చేసరికి కప్పు పట్టుకొని ఫినిషింగ్ గీత కాడ నిలబడాలె నువ్వు."

"ముందుగాల నువ్వు రా. నిలబడ్త తియ్."

అతిథిగారు మాత్రం రారే! ఎండకు పిల్లలు హెల్మెట్లలో ఉడికిపోయారు. చివరికి వచ్చి, శాలువా కప్పించుకుని, క్రమశిక్షణ మీద, సమయపాలన మీద తీరిగ్గా మాట్లాడి జెండా ఊపాడు. సైకిళ్లు కట్ట వైపు దూసుకుపోయాయి.

దుమ్మింకా అణగలేదు, ఆయన గడియారం చూసుకున్నాడు. మీర్‌పేట్‌లో పెళ్లికి పోవాలట.

"కప్పు గిప్పు ఇచ్చేదుంటే జల్ది తేండ్రి."

"సార్, ఇంకా ఎవ్వరు గెలువలే," అంది ఉజ్వల.

ప్రిన్సిపాల్ సంజీవ ఆమెను పక్కకు పిలిచాడు. "ఎవర్నో ఒకర్ని నిలబెట్టమ్మా, ఫొటోనే గద! వచ్చే ఏడు రేసు ఉండాల్నా, వద్దా?"

ఉండాలి. అందుకే నీళ్ల సీసాలు పంచుతున్న క్లాస్‌మేట్ సిద్ధార్థను లాక్కొచ్చి, తన చేతులతోనే వాడికి హెల్మెట్ పెట్టి బిగించింది. వాడు సిగ్గుతో చస్తూ కప్పు అందుకున్నాడు. ఉజ్వల చప్పట్లు కొట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా కొట్టింది.

అతిథి కారు వెంటే స్టాఫూ వెళ్లిపోయారు. షామియానావాళ్లు గుంజలు పీకడం మొదలుపెట్టారు. 'విజేత సిద్ధార్థ' అంటూ ఫొటో కాలేజీ గ్రూపులో పడింది, కట్ట మీది వాలంటీర్ల ఫోన్లలోకీ చేరింది.

అందరికంటే ముందు వస్తున్న ఐలేష్‌ను చివరి మలుపులో వాళ్లే కేకేశారు. "ఇంకేం తొక్కుతవ్‌రా, సిద్ధార్థ గెల్చిండంట!"

అయినా వాడు ఆగలేదు. గీత దాటేదాకా తొక్కి, అప్పుడు దిగాడు. పక్కనే ఇంకా హెల్మెట్‌తోనే ఉన్న సిద్ధార్థ దగ్గర తీసుకున్న కప్పుతో ఉజ్వల మాట ప్రకారం గీత దగ్గరే ఉంది. రెండు చేతులా ముందుకు చాపింది.

"ఇది నీదే ఐలేష్. వచ్చే ఏడు ఇట్ల కానియ్యం. రేసుకు పర్మిషన్ కూడ ఇచ్చిండ్రు."

వాడు కప్పును ముట్టలేదు. చెమట తుడుచుకుని సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"వచ్చే ఏడు సైకిల్ తేనక్కా," అన్నాడు. "హెల్మెట్ తెచ్చుకుంట, సాలు."