మిగ్ ముక్కులో మెట్టెలు

బలరాంకి మైకు దొరికితే ఇక అంతే. భిలాయి ఉక్కు ప్లాంటు ప్లేట్ మిల్లులో పనిచేసినన్నాళ్లూ గేటు ముందు తారుడ్రమ్ము ఎక్కి అరిచిన గొంతు అది. బోనసు మీద అరిచాడు, క్యాంటీన్ పప్పు మీద అరిచాడు, కాంట్రాక్టు కూలీల హెల్మెట్ల మీద అరిచాడు. "చెమట ఎవడిదో పేరు వాడిది" అన్నది ఆయన సొంత నినాదం. తానుండే మరోదాలో ఒక గోడ మీద ఎర్ర రంగుతో స్వయంగా రాశాడు. వానలకి ముందు భాగం కొట్టుకుపోయి ఇప్పుడు "పేరు వాడిది" అన్నదే మిగిలింది. ఎవడి పేరో, దేనికో, చదివినవాడికి తెలీదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక ప్లాస్టిక్ విమానాలు అతికించుకుంటున్నాడంటే పాత యూనియన్ వాళ్లు నవ్వారు. నవ్వనీ. ఆదివారం పొద్దున్నే నెహ్రూ నగర్‌లో ధర్మారావుగారింటి ముందు గదిలో నలుగురు చేరతారు, అదే వాళ్ల క్లబ్బు. ధర్మారావు స్టోర్సులో పెద్ద అధికారిగా దిగిపోయిన మనిషి. ఆయనకి రంగు చిమ్మే గన్ను, దానికో కంప్రెసరు, బల్లకి బిగించిన భూతద్దం ఉన్నాయి. సత్యప్రసాద్ డ్రాయింగ్ ఆఫీసులో గీతలు గీసి గీసి వచ్చినవాడు, రెక్క ఒక వెంట్రుక వాసి వంగినా నిద్రపోడు. జితేంద్ర కుర్ర వయసువాడు, మొబైల్ కవర్ల దుకాణం నడుపుతాడు, విమానం తోక మీద అతికే నంబర్లూ గుర్తులూ వాడే ప్రింటు చేసి తెస్తాడు. జితేంద్ర తప్ప మిగతా ముగ్గురూ ప్లాంటులో ఉండగా ఒక బల్ల దగ్గర కూచున్న పాపాన పోలేదు. ఇప్పుడు కూచుంటున్నారు. ధర్మారావు కుర్చీకి మాత్రం దిండు ఉంటుంది, మిగతావి ప్లాస్టిక్ కుర్చీలు. ఆ సంగతి ఇంకెవరూ చూడలేదు. బలరాం మొదటి రోజే చూశాడు.

బలరాం కట్టిన విమానాల సంగతి చెప్పాలంటే, చెప్పకపోవడమే మంచిది. జిగురు కారిపోయేది. కాక్‌పిట్ అద్దం మీద బొటనవేలి ముద్ర, ఠాణాలో వేయించినంత స్పష్టంగా పడేది. ఒక బాంబరుకి చక్రాలు ఒకటి తూర్పున కుమ్హారి వైపు, ఒకటి పడమట దుర్గ్ వైపు చూసేవి. "చూపు తగ్గిందండి" అనేవాడు. అయినా ధర్మారావు ఆయన్ని "గురువుగారూ" అని పిలిచేవాడు. ఆఫీసరు నోట ఆ మాట! ముప్పై ఏళ్లు గేటు దగ్గర అరిస్తే రాని మాట ఒక బొమ్మ వల్ల వచ్చింది.

ఆ బొమ్మ మిగ్-21. ఎనభైల్లో ప్లాంటులో పనిచేసిన విక్టర్ అనే రష్యన్ నిపుణుడు తన దేశం వెళ్లిపోతూ బలరాం చేతిలో పెట్టిన డబ్బా. లోపల ముక్కలు, రష్యన్‌లో ఒక కాగితం. జిల్లా మొత్తం మీద ప్లాస్టిక్ విమానం అంటే ఏమిటో తెలియని రోజుల్లో కట్టినది. అతుకు కనిపించదు, రెక్కలు సమంగా ఉంటాయి, వెండిరంగు నీళ్లలా పరుచుకుంది.

"ఈ సిల్వర్ ఎక్కడ సంపాదించారు గురువుగారూ? ఈ మెరుపు నా గన్నుకి కూడా రాదు" అని ధర్మారావు మొదటిసారి చూసినప్పుడే అడిగాడు.

అది ప్లాంటులో ఆవిరి గొట్టాలకి పూసే రంగు. బలరాం టిఫిన్ డబ్బాలో గేటు దాటించాడు. స్టోర్సు అధికారికి ఆ మాట ఎలా చెబుతాడు? "అప్పట్లో దొరికేదండి" అని ఊరుకున్నాడు.

"మీ చేతుల్లో ఏం నైపుణ్యమండీ!"

దానికీ ఊరుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ విమానం కట్టింది బలరాం కాదు, ఆయన భార్య గున్నమ్మ. ఆయన రెండు ముక్కలు విరగ్గొట్టి, రష్యా వాణ్ణి నాలుగు తిట్టి, సమ్మెకి పోయాడు. గున్నమ్మకి అప్పుడు కడుపు. కాలు కదపొద్దన్నారు. పూసల అల్లిక పక్కన పెట్టి, ముల్లు తీసే పట్టకారుతో, కాగితంలో బొమ్మలు చూసుకుంటూ, సమ్మె ముగిసేలోపు విమానం నిలబెట్టింది. బలరాం ఇంటికొచ్చి, "బాగుందే" అని షోకేసులో పెట్టాడు. అంతే. పేరు గురించి ఎవరూ అడగలేదు, చెప్పలేదు. క్లబ్బులో అడిగారు. "నాదే" అనేశాడు.

మిగ్-21లని వాయుసేన సాగనంపాక రాయపూర్‌లో ఒక హాలులో మోడల్ విమానాల ప్రదర్శన పెట్టారు. నడి బల్ల భిలాయి క్లబ్బుకి ఇచ్చారు. ఆ బల్ల మీద గురువుగారి విమానమే ఉండాలన్నాడు ధర్మారావు. ముందు చక్రం కాలు విరిగి ఉంది, అద్దం పసుపెక్కింది, కడుపు కింద అతుకు విచ్చుకుంది. అందరూ కలిసి బాగు చేద్దామన్నారు.

బలరాం షోకేసులోంచి తీస్తుంటే గున్నమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఎక్కడికయ్యా మోస్తున్నావు దాన్ని?"

"క్లబ్బుకి. బాగు సేస్తారు."

"ఎవలిదని సెప్పినావు?"

"మనదని."

"మనదా?" అంది గున్నమ్మ. కొంగుతో విమానం మీద దుమ్ము తుడిచింది. "సరే, మనదే. తోక జాగర్త."

ఆ ఆదివారం సత్యప్రసాద్ బ్లేడు మొనతో అతుకు వెంట మెల్లగా గీశాడు. విమానం ఎండిన చిక్కుడుకాయలా రెండు చెక్కలైంది. ముక్కు లోపల నల్లబడిన మైనం ముద్ద ఉంది. ఇలాంటి విమానాలకి ముక్కులో బరువు వెయ్యాలి, లేకపోతే మూడు చక్రాల మీద నిలబడక తోక మీద కూలబడతాయి. అందరూ సీసం గుండ్లు వేస్తారు. సత్యప్రసాద్ మైనం గీకాడు. టక్కుమని బల్ల మీద పడ్డాయి రెండు వెండి మెట్టెలు.

"అంకుల్, యే క్యా హై? బిఛియా?" అన్నాడు జితేంద్ర.

బలరాం మెట్టెల్ని వేలితో తిప్పి చూశాడు. ఆ మెట్టెలు ఆయనకి తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు కాళ్లు వాచాయని గున్నమ్మ తీసింది, తర్వాత కుమ్హారిలో పెళ్లికెళ్లినప్పుడు పోయాయంది. ఆయన నెల పొడుగునా తిట్టాడు. వాళ్ల అన్నయ్య ఇంటి పెళ్లి, అందుకని వాళ్ల అన్నయ్యని కూడా కలిపి తిట్టాడు.

"బలరాంగారూ, విమానం మీరే కట్టారు కదా?" అన్నాడు సత్యప్రసాద్. కొలతల మనిషి. కళ్లజోడు పైనుంచి చూశాడు.

నిజం చెబితే గురువుగారు పోతాడు, చక్రాలు వంకరగా పెట్టే బలరాం మిగులుతాడు, అబద్ధాలకోరు అని పైన ఒక తోక. గేటు దగ్గర ఎన్ని ప్రశ్నలకి అక్కడికక్కడ సమాధానం పుట్టించలేదు?

"నేనే వేశాను. బరువుకి ఏటీ దొరక్క మా ఆవిడ మెట్టెలు దొంగిలించాను."

చూశారా! పెళ్లాం మెట్టెలు కాజేసిన దొంగ అనిపించుకోడానికి సిద్ధపడ్డాడు గానీ, పెళ్లాం కట్టిందని చెప్పడానికి నోరు రాలేదు. 

గది గొల్లుమంది. ధర్మారావు కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. "ఇంత మంచి కథ ఏ క్లబ్బుకీ లేదండీ! ప్రదర్శనలో ఆవిడ మెట్టెలు ఆవిడకి మీ చేత్తోనే ఇప్పిద్దాం."

"ఆవిడకి ఎండ పడదండి. రాదు."

"మా మణిమాల ఫోన్ చేసి పిలుస్తుంది లెండి" అన్నాడు ధర్మారావు. ఆయన భార్య మణిమాల పిలిస్తే రాని మనిషి నెహ్రూ నగర్‌లో లేదు, మరోదాలోనూ లేదు.

ప్రదర్శనకి గున్నమ్మ గళ్ల చీర కట్టుకుని వచ్చింది. దారి పొడుగునా బలరాం మాట్లాడలేదు. "ఏటి, గొంతు పట్టీసిందా?" అని రెండుసార్లు అడిగి ఊరుకుంది. హాలు నిండా జనం, పిల్లలు, ఫోన్లు. నడి బల్ల మీద మిగ్ మెరుస్తోంది. కొత్త కాలు, కొత్త అద్దం, ముక్కులో మెట్టెల బదులు సీసం. దాని ముందు హిందీలో రాసిన అట్ట ముక్క. నిర్మాణం: బలరాం. కింద చిన్న అక్షరాల్లో, పునరుద్ధరణ: భిలాయి క్లబ్బు.

గున్నమ్మకి హిందీ చదవడం వచ్చు. చదివింది. మొగుడి వైపు చూడలేదు. విమానం వైపే చూసింది.

ధర్మారావు మైకులో హిందీలో కథంతా చెప్పాడు. హాలు పకపకలాడింది. బలరాం ఇత్తడి పళ్లెంలో మెట్టెలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పండమ్మా, ఇన్నాళ్లకి దొంగ దొరికాడు" అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు ధర్మారావు.

గున్నమ్మ మెట్టెలు తీసుకుంది. "అవును బాబూ" అంది. "ఈయనే తీసీసుంటాడు. నాను పోగొట్టీసినాననుకున్నాను."

ధర్మారావు ఆ మాట హిందీలో చెప్పాడు. చప్పట్లే చప్పట్లు.

బలరాంకి ఆ గొంతు ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది. ప్లాంటు విచారణల్లో విన్నాడు. యంత్రం పాడుచేసింది ఫోర్‌మన్ అయినా, "నేనే సార్, నా పొరపాటే సార్" అని తల వంచి పైవాణ్ణి కాపాడే కూలీ గొంతు అది. ఆ గొంతు వింటే ఆయనకి ఒళ్లు మండేది, బల్ల గుద్దేవాడు. ఇప్పుడు ఏ బల్ల గుద్దాలి? ఫోర్‌మన్ తనే.

మైకు లాక్కున్నాడు.

"అబద్ధం! దొంగ లేడు, ఏటీ లేదు. మెట్టెలు వేసింది ఆవిడే. విమానం కట్టింది ఆవిడే. నేను రెండు ముక్కలు విరగ్గొట్టేను, అంతే నా పని. రాసుకోండి!" హిందీలో మళ్లీ చెప్పాడు, ఎవరికీ అనుమానం లేకుండా.

హాలులో ఇందాకటికి రెట్టింపు చప్పట్లు. ముందు వరసలో ఎవరో ఈల కూడా వేశారు. మణిమాల కళ్లు చెమర్చాయి. "చూడండి, భార్యకి ఎంత గౌరవం! చేసిందంతా తను చేసి, పేరు ఆవిడకి ఇచ్చేస్తున్నాడు" అంది. ధర్మారావు వచ్చి కావలించుకున్నాడు. "గురువుగారూ, మీది చాలా పెద్ద మనసండీ."

"మనసు కాదండీ బాబూ, నిజం!"

"అదే, అదే" అన్నాడు ధర్మారావు వీపు తడుతూ.

లేనిపోని లెక్కలు చెప్పి వేలమందిని నమ్మించినవాడు, ఒక్క నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. పైగా పూలదండ తెచ్చి మెడలో వేశారు. బలరాంకి ఇక చేతనైనది ఒక్కటే మిగిలింది. దండ తీసి పక్కన పెట్టి, మోకాళ్లు పటపటమంటుండగా, నడి బల్ల ముందు నేల మీద బైఠాయించాడు.

"అట్ట మార్చేదాకా లెగను!"

"అంకుల్, ఉఠియే, అందరూ వీడియో తీస్తున్నారు" అన్నాడు జితేంద్ర.

"తియ్యనీ!"

ధర్మారావు ముఖం మారింది. పాత రోజులు గుర్తొచ్చినట్టున్నాయి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుని గొంతు తగ్గించాడు. "బలరాంగారూ, మధ్యే మార్గం చూద్దాం. నిర్మాణం: బలరాం దంపతులు. సరేనా?"

"కుదరదు. ఆవిడ పేరొక్కటే."

"పోనీ, నిర్మాణం ఆవిడ, పర్యవేక్షణ మీరు."

బలరాం ఆలోచనలో పడ్డాడు. పర్యవేక్షణ అంటే మరీ అబద్ధమా? డబ్బా తెచ్చింది తనే. రంగు తెచ్చింది తనే, అది బయటికి చెప్పేది కాకపోయినా. "సహకారం అని రాస్తే..." అన్నాడు.

"ఏటి సహకారం?" అంది గున్నమ్మ పైనుంచి. "సమ్మెలో కూకున్నావు. ఇప్పుడూ కూకున్నావు. నీకూ ఆ బాబుకీ నా పేరు మీద బేరం. నన్నడిగినారా ఎవలైనా?"

ఇద్దరూ తలెత్తి చూశారు. నిజంగానే అడగలేదు.

గున్నమ్మ సత్యప్రసాద్ జేబులోంచి పెన్ను లాగింది. అట్ట ముక్క వెనక్కి తిప్పింది. బల్ల మీద వంగి, మెల్లగా, తెలుగులో రాసి విమానం ముందు ఆనించింది.

"క్యా లిఖా, అమ్మా?" అన్నాడు జితేంద్ర.

"పేరు" అంది. "సదువుకున్నోళ్లు సదువుకుంటారు."

ఆ హాలులో తెలుగు చదవగలిగినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. అయినా ఆమె ఆ అట్ట మళ్లీ తిప్పనివ్వలేదు, సాయంత్రం దాకా పక్కనే కుర్చీ వేసుకుని కూచుంది. బలరాంని లేపడానికి ముగ్గురు పట్టారు.

మర్నాడు హిందీ పేపర్లో ఫోటో వచ్చింది. నేల మీద బలరాం, వెనక మెరుస్తున్న మిగ్, మధ్యలో ధర్మారావు మోచెయ్యి. అట్ట ఆ మోచేతి వెనకే ఉండిపోయింది. కింద రాశారు: తాను నిర్మించిన విమానం ముందు భక్తితో మోకరిల్లిన మాజీ కార్మిక నాయకుడు.

బలరాం పేపరు బల్ల మీద విసిరికొట్టాడు. "ఇప్పుడే పోయి ఆ ఆఫీసు ముందు కూచుంటాను!"

గున్నమ్మ పేపరు తీసి, వెలుతురుకి పట్టుకుని, కాలి కొత్త మెట్టెలు, అదే, పాత మెట్టెలు, గచ్చు మీద టకటకలాడిస్తూ చూసింది.

"బాగానే వొచ్చింది. మూడు సక్రాల మీదా తిన్నగా నిలబడింది సూడు" అంది. "కూలబడింది నువ్వే."