ఇరవై ఏడో నంబరు గొంతు

విన్న గొంతును తుడిచేయడం కూడా తెలిసిన టేప్ రికార్డర్‌ని నేను. ఎర్ర మీట నొక్కితే చాలు, క్యాసెట్ మీది పాత మాటలను చెరిపేసి కొత్తవి ఎక్కించుకుంటాను. నా తయారీయే అంత.

సైకాలజీ ప్రొఫెసర్ వామనరావు గారి చేతిలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. మత్తుకు అలవాటుపడ్డ మనుషుల ప్రవర్తన ఆయన పరిశోధన. నిద్రమాత్రల పొడి కలిపిన కల్లు తాగేవాళ్ళను వెతుక్కుంటూ, నన్ను భుజాన తగిలించుకుని నిజామాబాద్ వైపు పల్లెలకు బస్సెక్కేవారు. మంచి మనిషే. ఎదుటివాడు ఏడిస్తే చూపు తిప్పుకునేవారు, ప్రశ్న మాత్రం ఆపేవారు కాదు.

ఆయన నియమాలు గట్టివి. ఎవరికీ పేరు ఉండదు, నంబరే. మాటలు కాగితం మీదికి ఎక్కాక అదే క్యాసెట్‌లో ఇంకొకరిని రికార్డు చేయాలి, లేకపోతే గుట్టు బయటపడుతుంది. సలహా అసలే ఇవ్వకూడదు. ఇస్తే మనిషి మారిపోతాడట, మారితే పరిశోధన పాడవుతుందట. చదువుకున్నవాళ్ళ బాధలు నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇరవై ఏడో నంబరు ముప్పై ఏళ్ళ ట్రాక్టర్ డ్రైవరు. అరగంట మాట్లాడాక, "ఇంకొక్క ముచ్చట చెప్పేదుండె సార్," అన్నాడు. ప్రొఫెసర్ గారికి బస్సు టైమైంది. "ఆరు నెలలకు మళ్ళీ వస్తాంగా, అప్పుడు చెప్పు."

"అట్లనే సార్."

ఆరు నెలలకు వెళ్తే, చనిపోయాడని ఊళ్ళో చెప్పారు. ఆయన తన పట్టికలో 'అందుబాటులో లేరు' అని రాసుకున్నారు.

మరుసటి వారం అతని తల్లి బాలవ్వ యూనివర్సిటీకి వచ్చింది. బీడీలు చుట్టి చుట్టి గోళ్ళు అరిగిన మనిషి. "మా పోశెట్టి మాటలు మీ పెట్టెల వట్టిన్రట గద సారూ. జర ఇనిపియ్యుండ్రి. వానిది ఫోటో సుత లేదు."

ఇరవై ఏడుకు ఒక పేరుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన అతని క్యాసెట్ వెతికి తీశారు. ఆ క్యాసెట్ మీద ముప్పై మూడో నంబరు ఎక్కి అప్పటికే మూడు నెలలైంది. అయినా పెట్టారు. ఎవరిదో గొంతు సాగి సాగి ఆగింది. ముప్పై మూడు కాస్త తక్కువ మాట్లాడినట్టున్నాడు, పాత టేపు చివర కొంచెం మిగిలింది.

"...మళ్ళీ వస్తాంగా, అప్పుడు చెప్పు."

"అట్లనే సార్."

"వాడే," అంది బాలవ్వ. "ఏం చెప్తనన్నడు సారూ?"

ఆయన తెలియదన్నారు.

"కల్లు బంద్ వెడ్తననేమో. మీరొచ్చి పోయిన తెల్లారే బంద్ వెట్టిండు. ఒక్క సుక్క ముట్టలే. మూడోనాడు ఫిట్స్ అచ్చి పోయిండు."

ఆ కల్లును ఒక్కసారిగా మానేస్తే ప్రాణం పోతుందని, మెల్లగా తగ్గించాలని తన వ్యాసాల్లో ఎన్నిసార్లు రాశారో ఆయన. "ఇంకొకపారి ఎయ్యుండ్రి," అని ఆమె అడిగినప్పుడల్లా వెనక్కి తిప్పి వేశారు. సాయంత్రం బస్సు వేళ దాకా ఆమె అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన నా ఎర్ర మీట ముట్టుకోలేదు. రిటైరయ్యేటప్పుడు క్యాసెట్ తీయకుండానే నన్ను డిపార్ట్‌మెంటు స్టోర్‌రూమ్‌కు అప్పగించారు. విరిగిన కుర్చీల మధ్య ఉన్నాను. ఎందరి గొంతులు చెరిపానో, ఆ పాపం నాదే. పోశెట్టి చెప్పాలనుకున్న ముచ్చటను మాత్రం నేను చెరపలేదు. అది నాదాకా రానే లేదు.