చెవి కొస తెగిన పిల్లి

లాము రేవులో చేపలు వేయించి అమ్మే ఆడవాళ్లకు నోరొక్కటే ఉంటే చాలదు, పిల్లి కూడా కావాలి. చెవి కొస తెగిన ఆ గోధుమరంగు పిల్లి ఎవరి పెనం పక్కన కూర్చుంటే వాళ్ల చేపే తాజాదని ఊరి లెక్క. లెక్క తప్పేం కాదు. మంచుపెట్టెలో పడుకున్న చేపను అది మూతితో కూడా తాకదు.

ఏళ్లుగా అది మ్వానకోంబో పెనం దగ్గరే కూర్చునేది. ఈమధ్య జువేనా దగ్గరికి మారింది. దాని వెనకే బేరాలూ మారాయి. ఎదురుగా ఆ గుంపును చూస్తుంటే మ్వానకోంబో కడుపు తన పెనంలో నూనెకంటే ఎక్కువగా కాగుతోంది.

"దానికి ఏం పెట్టి మరిగించావే?"

"ఏమీ పెట్టలేదక్కా. దానంతట అదే వస్తోంది."

"నీ అందం చూసి వస్తోందా?"

గుంపు నవ్వింది. జువేనా కూడా నవ్వింది. అదే మ్వానకోంబో భరించలేకపోయింది. విసురుగా వెళ్లి, తింటున్న పిల్లిని వీపు పట్టుకుని లేపింది. మణికట్టు మీద రెండు ఎర్రటి గీతలు పడ్డాయి. పిల్లి దూకి పారిపోయింది.

"పొయ్యిలో బూడిద అద్దండి!" అన్నాడు గుంపులోంచి ముసలి ఫాదిలి.

"నీ గడ్డానికి అద్దుకో తాతా!" అంటూ జువేనా ఆమెను కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. ధార కింద చెయ్యి పెట్టి సబ్బు రుద్దింది.

"వదులు, నేను కడుక్కోగలను."

"కదలకు."

చాలాసేపు కడిగింది. ఉతికిన గుడ్డతో అదిమిపట్టి, రక్తం ఆగాక వదులుగా కట్టు కట్టింది. ఆ వేళ్లు మెత్తగా పనిచేశాయి. అందుకూ మ్వానకోంబోకు ఒళ్లు మండింది. కట్టు కట్టడం కూడా దీనికే రావాలా!

"పిచ్చి రాకుండా సూది వేసిన పిల్లే, ఆ గుర్తుకే దాని చెవి కొస కత్తిరించారు. అయినా ఇవాళే నర్సమ్మకు చూపించు. వాచినా, జ్వరం తగిలినా అశ్రద్ధ చెయ్యకు."

అప్పుడు కనిపించాయి, జువేనా మోచేతి కింద పాత గీతలు.

"నిన్నూ గీరిందా?"

"నన్ను గీరకపోతే దానికి నిద్ర పట్టదు."

ఆ మాటకు మ్వానకోంబో ప్రాణం కాస్త చల్లబడింది. "మరి నీ దగ్గరే ఎందుకు చేరింది?"

"తెల్లారకముందే పడవ దగ్గరుంటా. ఈమధ్య హోటలు బండివాడు రావడం మొదలెట్టాడుగా, వాడు అంతా ఊడ్చుకుపోకముందే బుట్ట అడ్డం పెడతా. వాడు తిడతాడు, నేనూ తిడతా. నువ్వేమో ఎండెక్కాక వెళ్లి మంచుపెట్టెలో మిగిలింది తెస్తావు."

మ్వానకోంబో తన పెనం దగ్గరికి వెళ్లి బుట్టలో చేపను వాసన చూసింది. మూతి తిప్పుకుంది. సముద్రం మనది, పడవలు మనవాళ్లవి. తాజా చేప మాత్రం హోటలు బల్ల మీదికి, పాచిది మన పెనంలోకి! ఇన్నాళ్లూ ఆమె కోపమంతా పోసింది ఎవరి మీద? ఒక పిల్లి మీద, పక్క పెనం మీద.

బుట్ట ఎత్తి కాకుల ముందు కుమ్మరించింది.

"ఒసే జువేనా! రేపు నీకంటే ముందు నేనుంటా అక్కడ. బండివాడికి నా బుట్ట అడ్డం. నీకు కూడా అడ్డమే!"

"రా మరి," అంది జువేనా చేప తిరగేస్తూ. "కట్టు మాత్రం తడవనివ్వకు."